చప్పిడి

ఎందుకు ఆడతావని అడిగారు సెలెక్షన్లలో.
పక్కపిల్ల పోలీసు ఉద్యోగానికంది.
నేను రైల్వే అన్నాను, తడుముకోకుండా.
అబద్ధమేం కాదు,
కాకపోతే అది అడిగినవాళ్ల కోసం వండిన కూర.

అసలు సంగతి ఉప్పు.

మా అమ్మ ఎండుచేపల మనిషి.
అంతర్వేది పల్లిపాలెం ఇసకలో సావళ్లూ కవళ్లూ పరిచి
గుప్పిళ్లతో కల్లుప్పు చల్లే మనిషి.
కొంగు ఉప్పన, గాజులు ఉప్పన,
నాకు జడ వేసే వేళ్లు ఉప్పన.
ఆమె కూతురికి ఉప్పు పెట్టొద్దన్నారు
కాకినాడ పెద్దాసుపత్రిలో.

అప్పటికి నాకు ఏడేళ్లు.
ఒకరోజు పొద్దున లేస్తే కళ్లు తెరుచుకోలేదు.
రెప్పలు పొంగాయి. కాళ్లు నొక్కితే
తాటిముంజెని బొటనవేలితో పొడిచినట్టు గుంటలు.
కిడ్నీలో జల్లెడకి చిల్లులు పెద్దవయ్యాయమ్మా,
సత్తువంతా పోతోంది, అన్నాడు డాక్టరు.
అమ్మకి వెంటనే అర్థమైంది.
వల చినిగితే చేప నిలవదు.

ఇక రోజూ తెల్లారేసరికి
గాజుగొట్టంలో నా ఉచ్చ పట్టి దీపం సెగమీద కాచేది.
తేటగా ఉంటే కేలెండరు గడిలో ఒక చుక్క.
గుడ్డుసొనలా తెల్లగా విరిగితే
గడి ఖాళీగా వదిలేసి
బుట్ట నెత్తినెత్తుకుని మాట్లాడకుండా సంతకి పోయేది.

ఆ తెల్లమాత్రలకి నా మొహం ఇంకెవరి మొహమో అయిపోయింది.
బళ్లో నా పేరు బూరెమ్మ.
ఆటల పీరియడ్లో నన్ను మెట్టు మీద కూర్చోబెట్టి
చెప్పులూ వాచీలూ నా ఒళ్లో పడేసి పరిగెత్తేవారు.
ఒకసారి ఎవరిదో ఊడిన పన్ను కూడా, కాగితంలో చుట్టి.
నేను చూసేదాన్ని.
నాలుగేళ్లు చూడ్డమే నా ఆట.
ఎవరి భుజం అబద్ధమాడుతుందో
ఎవరి మడమ ముందే నిజం చెప్పేస్తుందో
నాకు తెలిసిపోయేది.

ఇంట్లో చప్పిడి అన్నం, చప్పిడి పప్పు.
ఓసారి సత్తిరాజు మావయ్య దేనికో కోపమొచ్చి
ఉప్పూ కారం తినట్లేదే నువ్వు, అని అరిచాడు.
అందరూ తలలు దించుకున్నారు.
నేనొక్కదాన్నే నవ్వాను.
తినట్లేదు మావయ్యా.

పన్నెండో ఏట వరసగా చుక్కలు పడ్డాయి.
కేలెండరు మారినా చుక్కలే.
గొట్టం ఇప్పటికీ చూరులోనే ఉంది,
పారేస్తానంటే అమ్మ ఒప్పుకోదు.

నర్సాపురం కాలేజీలో ఎస్తేరు మేడమ్
ఖోఖోకి పిల్లలు చాలక నన్ను చెయ్యి పట్టుకు లాగింది.
కూర్చోడం వచ్చా, అంది.
నన్నా అడగడం!
గడిలో గొంతుక్కూర్చున్నాను,
అటొకరు ఇటొకరు మొహాలు తిప్పుకున్న వరసలో.
వీపు మీద ఒక అరచెయ్యి పడింది.
చల్లటి గొట్టం పెట్టి
ఊపిరి పీల్చమనే చెయ్యి కాదు.
ఖో.

లేవమని నాకు చెప్పిన మొదటి మనిషి
ఎవరో కూడా వెనక్కి చూసుకోలేదు.

రోజూ పంటెక్కి వశిష్ఠ దాటతాను,
అవతలి రేవు వచ్చేదాకా
మోకాలి పెచ్చులు గిల్లుకుంటూ.
మొన్న భీమవరంలో ఓడిపోయాం, రెండు పాయింట్లు.
స్తంభం దగ్గర దూకాను.
బెత్తెడు దూరంలో ఆ పిల్ల జడ తప్పించుకుపోయింది.
బోర్లా పడి ఉన్నాను మట్టిలో, ఈల ఊదేశారు,
కణతల మీంచి కారింది మూతిమీదకి దిగింది.
నాలిక చాపాను.

అందుకు ఆడతాను.

ఓడామని అమ్మకి చెప్పలేదు.
బనీను తడపబోతూ ఆగింది.
మెడపట్టీ మీద ఎండిన తెల్లచారని
గోటితో గీకి నాలిక్కి రాసుకుంది,
పొయ్యి మీది పులుసు చూసినట్టు.

సరిపోయింది, అంది.